ఇంట్లో ఉండీ లేని సుగుణమ్మకు నివాస ధ్రువపత్రం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం నన్ను నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తి జిల్లాలో, పెబ్బేరు వైపున్న ఒక మండలానికి డిప్యూటీ తహసీల్దారుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ఇక ఎంతో కాలం లేదు. తహసీల్దారు తర్వాతి కుర్చీ నాది. కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రాల దరఖాస్తులన్నీ ముందు నా బల్ల మీదికి వచ్చేవి. వాటిని గిర్దావర్‌కు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌కు, పంపడం నా పని. ఆయన ఊళ్లోకి వెళ్లి విచారించి, ఇరుగుపొరుగు సంతకాలతో పంచనామా రాసుకొస్తాడు. దాన్నిబట్టి నేను సిఫారసు చేస్తే తహసీల్దారు సంతకం పెడతారు.

నేను పుట్టి పెరిగింది గద్వాలలో, బెల్లం చింతపండు అమ్మే దుకాణంలో. మా ఇంట్లో అందరూ బేరగాళ్లే. చెప్పిన ధరకు వస్తువు కొంటే ఆ రోజు నాకు అన్నం సహించదు. ఈ గుణం రెవెన్యూ శాఖలో పనికొస్తుందా అంటే, చాలాసార్లు వచ్చింది. ఈసారి మాత్రం నన్నే అమ్మేశారు.

ఒక సోమవారం సుగుణమ్మ అనే ఆవిడ వచ్చి నా ఎదుట కూర్చుంది. అరవై దాటిన మనిషి. మొదట నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో, తర్వాత చాలా ఏళ్లు మస్కట్‌లో నర్సుగా చేసి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. మస్కట్‌లో ఆమెతో పనిచేసిన లోర్నా అనే ఫిలిప్పీన్స్ నర్సు తన ఊరికి వచ్చేయమని పిలిచిందట. సముద్రం ఒడ్డున, లోర్నా ఇంటి పక్కనే ఒక చిన్న ఇల్లు అద్దెకు ఖాళీగా ఉంది. నెలాఖరు దాకా ఇంకెవరికీ ఇవ్వనని యజమాని మాటిచ్చాడు. వెళ్లాలంటే రిటైర్మెంట్ వీసా కావాలి. దాచుకున్న డబ్బు చూపించి, అక్కడ ఉద్యోగం చేయనని రాసిచ్చిన పెద్దవయసు వాళ్లను ఉండనిచ్చే అనుమతి అది.

చిక్కంతా చిరునామాతో వచ్చింది. పాస్‌పోర్టులో నాగర్‌కర్నూల్‌లో ఒకప్పుడు అద్దెకున్న గది ఉంది. ఆ గదిని కూల్చేశారు. ఆధార్‌లో ఆత్మకూరులోని చెల్లెలి ఇల్లు ఉంది. బ్యాంకులో ఇప్పుడుంటున్న సొంత ఇల్లు ఉంది. మూడు కాగితాల్లో ముగ్గురు సుగుణమ్మలు. వీరిలో అసలామె ఎవరో రెవెన్యూ శాఖ తేల్చి నివాస ధ్రువపత్రం ఇస్తేనే ఫైలు ముందుకు పంపుతానని హైదరాబాదులోని వీసా ఏజెంటు చెప్పాడు. దరఖాస్తు పెట్టింది. తిరస్కరించారు. మళ్లీ పెట్టింది. మళ్లీ తిరస్కరించారు.

"నా ఇంట్ల నేను లేనని మీ గిర్దావర్ సాబ్ రాసిండట సార్" అంది.

గిర్దావర్ నరేశ్‌ను పిలిచాను. కుర్రవాడు, నిజాయితీపరుడు. రెండుసార్లు వెళ్లాడు. గల్లీ మొత్తం ఒకే మాట చెప్పింది: ఆ పేరుగల మనిషి ఇక్కడ లేదు, ఎప్పుడూ లేదు, ఆ ఇల్లు ఎవరిదో తెల్వదు. పంచనామాలో అదే రాశాడు.

"మరి ఆయన వచ్చినప్పుడు మీరెక్కడున్నారు?" అని సుగుణమ్మను అడిగాను.

"లోపలనే ఉన్న. తలుపు సందులకెల్లి చూస్తున్న. మా పక్కింటి రామక్క వాకిట్ల నిలబడి ఆమె ఈడ లేదని గట్టిగ చెప్తుండె. గంత గట్టిగ చెప్తుందంటే ఏదో పరేషాన్ ఉన్నట్టుందని నేను సప్పుడు చేయలే."

నరేశ్ అటు తిరిగి కిటికీలోంచి బయటకు చూడసాగాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

ఆ గల్లీ రివాజు అది. చేతిలో ఫైలుతో వచ్చినవాడు కరెంటు కోయడానికో, రోడ్డు వెడల్పు కోసం గోడ కొలవడానికో వస్తాడు. కాబట్టి వాడు ఎవరిని అడిగితే వాళ్లు ఆ గల్లీలో పుట్టనే లేదు. ఆ కట్టుబాటు ఎంత గట్టిదంటే, తన చిరునామా కోసమే వచ్చిన మనిషి దగ్గర సుగుణమ్మ కూడా దాన్ని పాటించింది.

వాళ్లకు అసలు సంగతి చెప్పమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "పోతున్ననని ఇంక చెప్పలే సార్. చెప్తే పోనియ్యరు."

దరఖాస్తుదారు తన గురించి తాను చెప్పేది సాక్ష్యం కింద చెల్లదు. పొరుగువాళ్లే చెప్పాలి. ఎందుకో చెప్పకుండా వాళ్లచేత చెప్పించాలి. ధర చెప్పకుండా సరుకు అమ్మడం లాంటిది ఇది. మా నాయన చూస్తే ముచ్చటపడేవాడు. నేనే వెళ్తానన్నాను.

జీపు దూరంగా ఆపించాను. ఫైలు లేదు. పంచనామా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ ఉదయమే జుట్టుకు రంగు వేసుకున్నాను, చొక్కా ఇస్త్రీది. రామక్క అరుగు మీద కూర్చొని మంచినీళ్లడిగి తాగి, మెల్లగా మొదలుపెట్టాను. ఈ పక్కింట్లో నర్సుగా చేసిన ఆవిడ ఒక్కతే ఉంటుందా? ఇల్లు సొంతమేనా? మనిషి ఎలాంటిది?

రామక్క నన్ను పాదాల నుంచి పైకి చూసుకుంటూ వచ్చి జుట్టు దగ్గర ఆగింది.

"మీకు పెండ్లాం లేదా?" అంది.

విషయం అర్థమయ్యేసరికి ఎదురింటి మహబూబ్ కుర్చీ తెచ్చుకొని వచ్చేశాడు. రిటైరైన ఆర్టీసీ కండక్టర్. ఇంకో నలుగురు ఆయన వెనకాల వచ్చారు. లేదంటే అబద్ధం, ఉందంటే బేరం చెడుతుంది. దుకాణంలో నేర్చుకున్నట్టే, "ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం లెండి" అన్నాను. ఆ ఒక్క మాటతో గల్లీ గేట్లు తెరుచుకున్నాయి.

"బంగారమసొంటి మనిషి" అంది రామక్క. "కోడి కంటె ముందే లేస్తది. ఇల్లు ఆమె పేరు మీదనే. మస్కట్ల సంపాయించి కట్టుకుంది. కరోనాకు రెండేండ్ల ముంగటి సంది ఈడనే ఉంటది, ఒక్క దినం ఇల్లు ఇడిసి పోలే."

"గల్లీల అందరి బీపీ ఆమెనే చూస్తది. కాని ఒక్కటి" అన్నాడు మహబూబ్, నామీద జాలి చూపిస్తూ. "ఉప్పు తిననియ్యదు. ఊరగాయ మర్చిపోవాలె. తట్టుకుంటరా?"

"ఈయనదేం చూస్తవ్, రంగు ఏసుకున్నడు, ఈయనకు బీపీ ఉండనే ఉంటది. ఇద్దరికీ సరిపోతది" అంది వెనకాల ఎవరో ముసలమ్మ.

సొంతిల్లు, ఎప్పటినుంచి ఉంటున్నదీ, ఒంటరి నివాసం, సత్ప్రవర్తన. పంచనామాలో ఉండాల్సిన గడులన్నీ నిండాయి. నా తెలివికి నేనే మురిసిపోయి జేబులోంచి కాగితం తీశాను.

"గిదేంది, పెండ్లిచూపులకు కాయిదం తెచ్చిర్రు?" అంది రామక్క.

నేనెవరో చెప్పాను. అరుగు మీద నుంచి నన్ను లేపలేదు గానీ ఖాళీ చెంబు మాత్రం లోపలికి తీసుకుపోయింది. అంతలో సుగుణమ్మ తలుపు తీసుకొని బయటికి వచ్చింది. నవ్వుతో ముఖం ఎర్రబడింది. అందరి ముందూ నిలబడి, లోర్నా సంగతి, సముద్రం పక్కింటి సంగతి, నెలాఖరు గడువు, అన్నీ ఒక్క ఊపులో చెప్పేసింది. "ఆడ పక్కపక్కన కూసోని ముసలోళ్లం కావాలనుకున్నమక్కా. నాకు మనసుంది" అంది.

అంతా విని రామక్క నా వైపు తిరిగింది.

"ఉన్నదని రాస్తె పోతది. లేదని రాస్తె ఉంటది. గంతే గద సార్? మరి మేం లేదనే చెప్తం."

ముప్పై ఏళ్లకు పైగా రెవెన్యూలో ఉన్నాను. ఇంత సూటిగా నియమాన్ని చదివినవాళ్లను చూడలేదు. అక్కడ నచ్చక తిరిగి రావాలన్నా ఇక్కడ ఇల్లున్నట్టు కాగితం ఉంటే మంచిది కదా అన్నాను. అలాంటి నియమం ఏదీ లేదు. కానీ అబద్ధమూ కాదు.

రామక్క ఆలోచించి షరతులు మొదలుపెట్టింది. ఇల్లు అమ్మొద్దు, కిరాయికియ్యొద్దు, తాళపుచెవి తన దగ్గరుండాలి. మహబూబ్ బీపీ మిషన్ అడిగాడు. దాన్ని చూడటం తన కోడలికి నేర్పి పోవాలన్నాడు. చర్చి నుంచి వచ్చాక ప్రతి ఆదివారం ఫోన్ చేయాలని ఇంకొకరు. సుగుణమ్మ అన్నిటికీ ఒప్పుకుంది, ఊరగాయల విషయంలో మాత్రం ఫోన్‌లో కూడా ఊరుకోనంది.

బేరం ముగిసిందనుకొని కాగితం ముందుకు జరిపాను. రామక్క వేలికి సిరా పూసుకొని ముద్ర వేయబోతూ ఆగింది.

"అందరం ఇచ్చినం. మరి మీరేమిస్తరు?"

గల్లీ చివరి స్తంభానికి లైటు లేదట. అది గ్రామ పంచాయతీ పని, నాది కాదు. అదే చెప్పాను. ఆమె వేలు కాగితానికి పైన గాలిలోనే ఉంది. వేయిస్తానన్నాను. అప్పుడు వేలు దిగింది. తర్వాత ఆ లైటు కోసం పంచాయతీ కార్యదర్శి చుట్టూ నేను తిరిగినంతగా నా సొంత ఇంటి పనికి ఎన్నడూ తిరగలేదు.

మహబూబ్‌కు గద్వాల డిపోలో ఇంకా స్నేహితులున్నారు. నేను గద్వాలలోని మా ఇల్లు చేరేసరికే, కబురందిన మా ఆవిడ అన్నం వడ్డించి కూర్చుంది. "పిల్ల మంచిదట గద. సొంతిల్లు కూడ ఉందట" అంది. పళ్లెంలో ఊరగాయ లేదు.

ధ్రువపత్రం ఆ వారమే ఇచ్చాం. నెలాఖరుకు ముందే వీసా వచ్చింది, సుగుణమ్మ వెళ్లింది.

నివాస విచారణ గురించి ఆ గల్లీలో నేను తెలుసుకున్నది ఒకటే. పొరుగువాళ్లు చెప్పేది సమాచారం కాదు, సమ్మతి. అది దొంగచాటుగా తీసుకుంటే చెల్లదు. ఆ తర్వాత మా గిర్దావర్లకు ఒక పద్ధతి పెట్టాను. ముందు ధ్రువపత్రం ఎందుకో దరఖాస్తుదారు చేతనే పొరుగువాళ్లకు చెప్పించాలి, ప్రశ్నలు ఆ తర్వాతే. దానివల్ల ఒక్కో విచారణకు పట్టే సమయం పెరిగింది. "ఇక్కడ ఎవరూ లేరు" అన్న నివేదికలు మాత్రం తగ్గాయి.