మే నెల నీళ్ళ లెక్క

మే పద్నాలుగు, మంగళవారం, పొద్దున పది గంటల పది నిమిషాలు. పన్నెండేళ్ళ కిందట. నేను మోస్తున్న బరువు అప్పుడు మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

రాయచూరు పశువుల ఆసుపత్రిలో మందులు కొలిచి ఇచ్చే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. తర్వాత ఆ ఊళ్ళోనే ఒక తోటలో, వల కట్టిన గదిలో ఉంచిన చిలుకలకు వైద్యం చూసేదాన్ని. పక్షులమ్మేవాడి దగ్గర అధికారులు పట్టుకున్నవి, నలభై రెండు. వచ్చినప్పుడు రెక్కల కింద పేలు కదులుతుండేవి. నేనూ, గది ఊడ్చి నీళ్ళు పెట్టే నర్సమ్మా ఎదురెదురుగా కూర్చుని, ఒక్కోదాన్ని పాతగుడ్డలో పట్టుకుని, ఈకలు విప్పి మందుపొడి అద్దేవాళ్ళం. ఆ చలికాలమంతా అదే పని. భర్త పోయిన నాకు మాట్లాడటానికి ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

మేలో రెట్టల్లో పురుగులు కనిపించాయి. చెట్టు మీది చిలుక నేల మీద పెద్దగా తినదు. బందీ అయ్యాక రెట్టలు పడిన చోటే గింజలు ఏరుకుంటుంది. మందు తాగేనీళ్ళలో కలపాలి. ఒక్కో చిలుక బరువు నూట ఇరవై గ్రాములు, మొత్తం ఐదు కిలోల నలభై గ్రాములు. అన్నీ కలిసి రోజుకు తాగేది అర లీటరు. అందులో ఎంత మందు పడాలో లెక్క కట్టాను. కూడికలో తప్పు లేదు. కానీ ఆ అర లీటరు నేను జనవరిలో కొలిచింది.

పది దాటగానే నర్సమ్మ ఖాళీ మూకుళ్ళతో వచ్చింది.

"అక్కా, అప్పుడే ఖాలీ జేసినయి. గీ ఎండకు అర లీటర్ యాడ సాల్తది? ఇగ ఉత్త నీళ్ళు పొయ్యాల్నా?"

"ఉత్త నీళ్ళు పోస్తే మందు నీళ్ళు ముడ్తయా? గట్లనే కలిపి పెట్టు. ఖాలీ అయినప్పుడల్లా."

"ఎక్కువైతదేమో అక్కా. శానా చిన్న పాణాలు."

"నాకే హిసాబు నేర్పుతవా?"

"నేనేం నేర్పుత! నా హిసాబు పది వేళ్ళకాడ్నే ఆగుతది" అని వేళ్ళు చూపించి, నవ్వుతూ వెళ్ళింది.

సాయంత్రానికి మూడుసార్లు పెట్టింది. మూడింతల మందు. ఐదున్నరకు చిలుకలు కొమ్మ మీద పట్టు తప్పి నేల మీద పడసాగాయి. అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఏం చేశాను? వాటి దగ్గరకు వెళ్ళానా? లేదు. రిజిస్టరు దగ్గరకు వెళ్ళాను. మందు ఒకసారే పెట్టమని చెప్పినట్టు రాసి, సంతకం చేశాను.

మర్నాడు తోట మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. ఒకసారే పెట్టమన్నానని ఆ పేజీ చూపించాను. నర్సమ్మ కోపంగా చూసి ఉంటే బాగుండేది. చదువురాని ఆమె ఆ పేజీ వైపే చాలాసేపు చూసింది.

"అక్క హిసాబు ఎన్నడు తప్పదు సార్. నేనే సరిగ ఇన్లేదేమో."

తన చెవులను కాదనుకుని నా రాతను నమ్మింది.

ఆమెను పనిలోంచి తీసేశారు. నేను నోరు విప్పలేదు. భయమా? నాకు పింఛను ఉంది. ముప్పై ఏళ్ళు ఎవరూ తప్పు పట్టని నా లెక్క మీద ఉన్న ప్రేమ, నా ఎదురుగా కూర్చుని ఈకలు విప్పిన మనిషి మీద లేకపోయిందా, లేక ఆమె ఎదురు చెప్పదని ముందే తెలిసి ఆ పని చేశానా అని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. రెండోదే నిజం.

ఈ మార్చిలో నర్సమ్మ ఊరు యరగేర వెళ్ళాను, చెప్పేద్దామనే. అమ్మ పోయి నాలుగు నెలలైందని కూతురు గుమ్మంలోనే చెప్పింది. రోజూ మిద్దె మీద చిలుకలకు జొన్నలు చల్లేదట. "నా చేతుల్ల సచ్చినయి" అనేదట. కూతురికైనా నిజం చెప్పానా? ఇచ్చిన మంచినీళ్ళు తాగి, బస్సెక్కి వచ్చేశాను.

క్షమించాల్సిన మనిషి లేదు. మిమ్మల్ని అడగడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాశాక ఊపిరి మాత్రం కొంచెం సాఫీగా ఆడుతోంది.

చచ్చిన చిలుకలు ఇరవై ఏడు. పోయిన కొలువు ఒకటి, నర్సమ్మది. తనది కాని పాపాన్ని ఆమె మోసిన కాలం పదకొండేళ్ళ ఆరు నెలలు. నన్ను అక్కా అని పిలిచే మనిషి, ఒక్కతె.