నాయన గడి అన్నారనుకున్నాం

మాది గడి వంశం. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సంకోచం లేదు. పడమట మంజీర ఒడ్డున ఉన్న మా ఊళ్లో మా ముత్తాత కట్టించిన గడి, ఎత్తైన గోడల ఆ దొరల ఇల్లు, నేను పదో తరగతికి వచ్చేసరికే పరాయివాళ్ల ధాన్యం గోదాము అయిపోయింది. మేము బాన్సువాడలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఆస్తి పోయాక మాకు మిగిలింది మాటతీరు ఒక్కటే. ఇంట్లో ఎవరైనా "అది", "ఇక్కడ" అనడానికి "గది", "గీడ" అంటే నాయన ఊరుకునేవారు కాదు. "అది అనాలి. గది అని కూలోళ్లంటరు" అనేవారు, తన నోట ఆ "అంటరు" దొర్లిందని గమనించకుండా.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో నేను రోబోటిక్స్, కృత్రిమ మేధ చదివాను. నోటిమాటకు కదిలే చిన్న బండి నా ప్రాజెక్టు. ఎండలు ముదిరే వేళకు నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. దవాఖాన నుంచి తెచ్చాక ఆయన నోట ఒక్క మాటే వినిపించేది. ఎడమ చెయ్యి కిటికీ వైపు లేపి "గడి... గడి" అనేవారు. ఆ కిటికీ పడమటిది. మా ఊరు అటే.

అమ్మ ఓరగా ఉన్న కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, "అదిగో, అటే. చూడండి" అనేది. మంచం కూడా అటు జరిపాం. మధ్యాహ్నం దాటాక నాయన కళ్లలోంచి నీళ్లు కారేవి. చూడవచ్చిన చుట్టాలకు అమ్మ తలెత్తి చెప్పేది: "అన్నీ మరిచిపోయారు గానీ గడిని మరవలేదు." అది వింటుంటే నా వెన్ను కూడా నిటారయ్యేది.

బండిని పక్కన పెట్టి, నాయన మాటను పోల్చుకునే ప్రోగ్రాం రాస్తానని మా సారును ఒప్పించాను. గడి తర్వాత ఆయన ఇంకేం చెప్పాలనుకుంటున్నారో తెలుసుకోవాలని నా ఆరాటం. దిండు పక్కన టేప్ రికార్డర్ పెట్టి ఆయన మాటలు పట్టుకున్నాను. ప్రోగ్రాంకు నీళ్లు, అన్నం, గడి లాంటి కొన్ని మాటలు నేర్పాను. విన్న ధ్వని ఏదైనా, తనకు నేర్పినవాటిలో దగ్గరిదాన్ని అది ఎంచుకుంటుంది. ప్రతిసారీ గడినే ఎంచుకునేది, కానీ పోలిక చాలా తక్కువ అని చూపించేది.

ల్యాబులో నా పక్కన కూర్చునేవాడిది మహారాష్ట్ర సరిహద్దులోని డోంగ్లి. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు.

"ఏం దొరా, నీ మిషన్‌కు చెవుడొచ్చిందా?"

"మాట ముద్దగా ఉంది, అందుకే."

వాడు హెడ్‌ఫోన్ లాక్కుని విన్నాడు. "గడి ఏడున్నదిర ఇండ్ల? పెద్దాయన గది అంటుండు. గది, గది అని ఏందో సూపెడ్తుండు."

"మా ఇంట్లో గది అనరు."

"మీరనరు. ఆయనంటుండు గదా!"

నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. నేను మళ్లీ మొదటి నుంచి విన్నాను. పట్టుకున్న మాటలన్నీ విన్నాను. ప్రతిచోటా నాలుక పళ్లనే తాకుతోంది, అది "డ" కాదు, "ద".

దొరికిన బస్సెక్కి ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. బార్లా తెరిచిన కిటికీలోంచి ఎండ నేరుగా నాయన ముఖం మీద పడుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నీళ్లు కారుతున్నాయి. నన్ను చూసి ఎడమ చెయ్యి లేపారు.

"గది..."

రెక్కలు రెండూ మూశాను. చెయ్యి మెల్లగా గుండె మీదికి దిగింది. తువాలుతో కళ్లు తుడిచాను. మళ్లీ నీళ్లు రాలేదు. పెద్ద ఊపిరి విడిచి నాయన నిద్రపోయారు.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఎందుకు మూశావు? గడి వైపు చూసుకుంటారు కదా, తెరువు."

"గడి కాదమ్మా. గది అంటున్నారు. కిటికీ వెయ్యమని. ఎండ కళ్లల్లో పడుతోంది."

అమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టింది. కాలినట్టు వెనక్కి తీసుకుంది. మంచం పట్టె మీద కూర్చుంది.

"మరి గడి అని ఒక్కసారన్న అనలేదా?"

"అనలేదమ్మా" అన్నాను.