పన్నెండు కిలోలు

మా తమ్ముడు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడిపేవాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాక వారానికి మూడుసార్లు కడపకు డయాలసిస్‌కు పోయేవాడు. ఇంట్లో వాడికి కిడ్నీ ఇవ్వడానికి కుదిరింది నేనొక్కదాన్నే. డాక్టరు నన్ను కింది నుంచి పైకి చూసి, "ఇంత బరువు మీద ఆపరేషన్ చేయలేమమ్మా. షుగర్ కూడా అంచు మీద ఉంది. పన్నెండు కిలోలు తగ్గి రండి, అదీ దిగొచ్చు" అన్నాడు.

పన్నెండే కదా అనుకున్నాను. అమ్మకైతే ఆ మాత్రం అనుమానం కూడా లేదు. "ఇరవై ఏండ్ల నుంచి శనివారం ఒక్కపొద్దు ఉంటాండావు. నీకిదొక లెక్కా?" అంది. ఆ ఒక్కపొద్దుల సంబడం ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. పగలంతా నీళ్ళు తాగి, పొద్దుగూకగానే దేవుడికి దండం పెట్టి, పళ్ళెం నిండా పూరీలు లాగించేదాన్ని. దేవుడు చూసీచూడనట్టు ఊరుకున్నాడు. ఒళ్ళు ఊరుకోలేదు.

ఈసారి నిజంగానే నోరు కట్టుకున్నాను. మధ్యాహ్నం గుప్పెడు కొర్రన్నం, రాత్రి మజ్జిగ. మా రాయచోటిలో ఏ పెళ్ళికి పోయినా ఎగతాళే. "ఈ వయసులో ఎవురికి చూపించేకి వదినా ఈ సోకులు?" అనేవాళ్ళు. కారణం చెబితే "అయ్యో" అంటూనే ఆకులో ఓళిగ వేసేవాళ్ళు. ఒళ్ళు మండి, తిట్టి లేచి వచ్చిన పెళ్ళిళ్ళు రెండున్నాయి.

తొమ్మిది కిలోలు తగ్గాను. అక్కడ ఆగిపోయింది. కొర్రన్నం సగం చేశాను. తెల్లారి లేచి నడిచాను. నేను పాఠం చెప్పే బడిలో, బోర్డు ముందే కళ్ళు తిరిగి పడ్డాను. రెండు నెలలు ముల్లు కదల్లేదు. అద్దంలో నా పొట్టను చూసుకుని, నా తమ్ముణ్ణి చంపేది ఇదే అనుకుని అసహ్యపడ్డాను.

వాడు అప్పటికే సగమయ్యాడు. ఆరో నెలలో ఇద్దరం డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన నా బరువు చూసి, "ఈ మాత్రం చాల్లేమ్మా" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నానికి రక్తపరీక్ష కాగితాలు వచ్చాయి. షుగర్ అంచు దాటింది.

"బరువు తగ్గినా ఆగలేదమ్మా. మీ నాన్నగారికీ ఉందన్నారు కదా. ఇక మీ కిడ్నీ తీయకూడదు."

"ఆ మూడు కిలోలూ తగ్గుతాను సార్" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని చూసి, "శానా చిక్కిపోయినావక్కా. ఆడ హోటల్లో ఉగ్గాని బజ్జి ఉండాది. రా, ఇంగన్నా తిను" అన్నాడు.

ఎదురుగా కూర్చుని ప్లేటు నా వైపు జరిపాడు. ముక్కు చీదుకుంటూనే ఒక్క బొరుగు మిగల్చకుండా తిన్నాను. రుచిగా ఉంది. "ఇంగో ప్లేటు చెప్పేదా?" అన్నాడు. వద్దనలేదు.

వాడు ఆ ఏడాది దాటలేదు. ఇంట్లో ఎవరూ నన్నొక్క మాట అనలేదు. ఆ రెండో ప్లేటుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.