వదిన తెచ్చిన ఫ్లవర్‌హార్న్

మా మామయ్య కాజీపేటలో గూడ్స్ రైళ్లు నడిపి రిటైరయ్యాక మేమందరం హనుమకొండలో ఫ్లాటు కొనుక్కుని మారాం. రైలు కూత వినపడని ఇంట్లో ఆయనకు బీపీ పెరిగింది. డాక్టరు మాత్రలు రాసి, రోజూ కాసేపు చేపల్ని చూస్తూ కూర్చోమన్నాడు. చూడ్డానికి ఇంట్లో మేం లేమా అని నేననలేదు. మమ్మల్ని చూసే కదా బీపీ వచ్చింది!

అక్వేరియంలోకి చేపల్ని ఎంచే పని నా మీద పడింది. నా పెళ్లి సంబంధానికి కూడా మావాళ్లు ఇంత విచారించి ఉండరు. మా బోరు నీళ్లకు ఏవి ఓర్చుకుంటాయి, ఏది ఎంత పెరుగుతుంది, ఎవరి నోరు ఎంత పెద్దది, అన్నీ ఆరా తీసి గప్పీలు, మోలీలు, ప్లాటీలు అనే చిన్న చేపల్ని తెచ్చాను. మామయ్య పొద్దున్నే కుర్చీ లాక్కుని అద్దం ముందు కూర్చునేవారు. "అగో, సిగ్నల్ పడనట్టు ఎట్ల ఆగిందో సూడు," అని నన్ను పిలిచి చూపించేవారు. కొన్నాళ్లకు బీపీ దిగింది, ఇంట్లో నవ్వులు వినపడ్డాయి.

అంత సుఖం మాకు అరగదు కదా! మా ఆయన అక్క, కొత్తింటికి కానుకంటూ, కవర్లో నీళ్లు పోసి ఒక ఫ్లవర్‌హార్న్‌ను పట్టుకొచ్చింది. అరచెయ్యంత చేప, నెత్తి మీద ఇంత బుడిపె.

"బుడిపెల లక్ష్మి ఉంటదట," అంది.

"వదినా, ఇది వేరే చేపల్ని బతకనియ్యదు. దీనికి ఇంకో తొట్టి కొందాం," అన్నాను.

అంతే, వదిన ముఖం మాడిపోయింది. "వచ్చిన రోజే వేరు కాపురం పెట్టిస్తవా? చేపకే గిట్లంటే, రేపు మా నాయిననేం జేస్తవో!"

మా ఆయన వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూశారు. "జర అడ్జస్ట్ అయితదిలే. అక్క మనసు కష్టపెట్టుడెందుకు," అన్నారు. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ కంటతడి పెట్టకూడదని మా ఇంట్లో పట్టింపు. చేపలదేముంది, ఏడ్చినా నీళ్లలో కనపడదు. మామయ్య తొట్టి అద్దం మీద మరక తుడుస్తూ కూర్చున్నారు. ఫ్లవర్‌హార్న్ తొట్టిలోకి దిగింది.

అడ్జస్ట్ కావడం బాగానే అయింది. ముందు గప్పీలు మాయమయ్యాయి, తర్వాత ప్లాటీలు. వదిన ఫోన్ చేసి "కలిసిపోయినయా?" అని అడిగేది. "మస్తు కలిసిపోయినయ్ వదినా, అన్నిటినీ కడుపుల పెట్టుకుంటాంది," అనేదాన్ని. ఆమె మురిసిపోయేది. మామయ్య మాత్రం కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయేది. కానీ మళ్లీ నోరు తెరిస్తే ఆయన్ని వెళ్లగొట్టే కోడలినని ఊరంతా టాంటాం అవుతుంది.

చివరికి తోక చిరిగిన ఒక్క మోలీ ఫిల్టరు వెనక నక్కింది. ఆ పొద్దున నేను వంటింట్లోంచి వచ్చేసరికి మామయ్య లుంగీ ఎగగట్టి, చిన్న వలతో ఫ్లవర్‌హార్న్‌ను బకెట్లోకి దించుతున్నారు. పక్కన ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంది.

"బిడ్డా, నీ చేప బకెట్ల ఉన్నది. వచ్చి తీస్కపో. కోడలంటలేదు, నేనంటున్న."

అవతల ఏడుపు మొదలైంది. ఆయన ఆగి, విని, ఫోన్ పెట్టేశారు. తర్వాత నా వైపు చూడకుండా, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ అన్నారు.

"నువ్వు చెప్పింది నిజమని నాకు ఆ రోజే ఎరుకమ్మా. బిడ్డ ఏడుస్తదని, నిన్ను మాట పడనిచ్చిన."

ప్రతిదానికీ ఒక ఎకసెక్కం సిద్ధంగా ఉంచుకునే నేను, కిటికీ వైపున్న ఆయన కుర్చీని తెచ్చి అద్దం ముందు వేశాను.