ఆ పద్యం ఎవరూ వినలేదు

మేళ్లచెరువు దారిలోని మా సర్కారు బడిలో, ప్రతి ఉదయం ప్రార్థన కాగానే వాచకంలోని ఒక పద్యం చదివించడం తెలుగు పంతులమ్మగా నేను పెట్టిన అలవాటు. గత ఏడాది ఆ పని ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె చేసేది. సిమెంటు లారీ నడిపే ముస్లిం డ్రైవరు కూతురు. ఆమె గొంతెత్తితే వెనక వరుసలో తోసుకునే పిల్లలు కూడా కుదురుగా నిలబడేవాళ్లు.

బడుల్లో మతబోధ ఉండాలా వద్దా అని టీవీల్లో రచ్చ జరుగుతున్న రోజులవి. ఒక చానల్ వాళ్లు వచ్చి ప్రార్థన తీసుకుంటామన్నారు. పిల్ల ప్రతిభ నలుగురికీ తెలుస్తుందని నేనే సంబరంగా ఆమెను ముందు నిలబెట్టాను. పేరు అడిగి విన్నాక వాళ్ల ముఖాలు వెలిగాయి. పద్యానికే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

సాయంత్రం కోదాడలో మా ఇంట్లో టీవీ పెట్టాను. తెర మూలన చిన్న డబ్బాలో మా పిల్ల. పెదాలు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. అరుపులన్నీ పెద్దమనుషులవే.

"ముస్లిం అమ్మాయే చదువుతుంటే మీకేం నొప్పి?" అని ఒకాయన.

"ఆ పిల్లతో బలవంతంగా మీ భక్తి పద్యాలు చదివిస్తారా?" అని ఇంకొకాయన.

గంటసేపు అదే ముక్క తిప్పి తిప్పి వేశారు. అది రైతు మీద పద్యం. అందులో ఏ దేవుడి పేరూ లేదు. ఆమె ఏం చదువుతోందో అడగాలని ఒక్కడికీ తోచలేదు. సిగ్గుండాలి! చానల్‌కు ఫోన్ చేస్తే, ఎత్తిన మనిషి "ప్రోగ్రాం బాగా పోయింది మేడమ్" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

రెండు రోజులకు ఆమె తండ్రి బడికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడమ్, మిర్యాలగూడలో లోడు దించుతుంటే ఫోన్ల సూపెట్టి అడిగిండ్రు, గీమె నీ బిడ్డేనా అని. ఒకడు శభాష్ అన్నడు, ఒకడు తిట్టిండు. నాకు రెండూ వద్దు. పిల్లను సదువనీయుండ్రి. గని ముంగట నిలవెట్టనని జర మాటియ్యుండ్రి."

ఇచ్చాను. ఇంకేం చేయను?

మర్నాడు పద్యానికి ఇంకో అమ్మాయిని పిలిచాను. మూడో పాదం దగ్గర మరిచిపోయి ఆగిపోయింది. బడి బడంతా నాలుగో వరుసలో నిలబడ్డ డ్రైవరు కూతురి వైపు తిరిగింది. ఆమె నా వైపు చూసింది, అందించనా అన్నట్టు.

ఆ చానల్ వాళ్ల మీద పట్టరాని కోపంతో, ఆ పిల్లకు వద్దని తల అడ్డంగా ఊపాను.