నొప్పికి త్వా అక్క వాడిన మాట

హిరోషిమా తీరాన ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో మేం తొమ్మిదిమందిమి, అందరం వియత్నాం ఆడవాళ్లమే. అందరిలోకీ పెద్దది త్వా అక్క, ముప్పై నాలుగేళ్లు. జపనీసు అందరికన్నా తక్కువ వచ్చిందీ ఆమెకే. వరి కోసిన చేతులకు చిప్పల కత్తి ఇట్టే అలవాటైంది గానీ మాటలు మాత్రం నోట నిలిచేవి కావు. బియ్యం డబ్బా మీద, అద్దం మీద జపనీసు మాటల కాగితాలు అంటించుకుని చదివేది.

"ఎందుకక్కా ఈ తిప్పలు? తలూపితే పోలా?" అనేవాళ్లం.

"దేనికి ఊపుతున్నానో తెలియాలి కదే!"

జనవరిలో చిప్ప అంచు గ్లవుజును చీల్చుకుని ఆమె ఎడమ చూపుడు వేలిలో దిగింది. మూడో రోజుకి వేలు వంకాయలా ఉబ్బింది. పొద్దున్నే షెడ్డు పెద్ద కురమోచి హాజరు వేస్తుంటే, అక్క ముందుకెళ్లి చెయ్యి చాపింది. నొప్పిగా ఉందనడానికి జపనీసులో 'ఇతాయ్' అంటారు. కంగారులో ఆమె 'ఇకితాయ్' అంది. అంటే, వెళ్లాలని ఉంది.

కురమోచి పగలబడి నవ్వాడు. "చెయ్యి వెళ్తానంటోందా? ఎక్కడికమ్మా, టోక్యోకా? టికెట్టు తియ్యమంటావా?"

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. సరైన మాట నాకు తెలుసు. చెప్తే ఆమె వంతు చిప్పల గంప కూడా నా నెత్తినే పెడతాడని ఊరుకున్నాను.

అతను గ్లవుజు తీసి చూడనైనా లేదు. ఆరోగ్యం కాగితంలో 'బాగుంది' అన్నచోట సున్నా చుట్టమని చూపించాడు. చుట్టింది. అలా ఐదు రోజులు చుట్టింది. ఆరో రోజు ఒళ్లు కాలిపోతూ చిప్పల మీద పడిపోయింది. ఆసుపత్రిలో వేలు తీసేశారు.

మా షెడ్డుకి దుబాసీని మొదటిసారి పిలిపించింది ఆమెను పంపించెయ్యడానికే. కురమోచి కాగితాలు బల్ల మీద పరిచాడు. "ఐదు సున్నాలు. ఆవిడ చేత్తో పెట్టినవే."

"ఇంక మీరు చిప్పలు ఒలవలేరట. గురువారం విమానం," అని చెప్పాడు దుబాసీ. "అడిగేదేమైనా ఉందా?"

"ఆ రోజు వీళ్లెందుకు నవ్వారో అడుగు బాబూ."

దుబాసీ నోరు విప్పేలోపే ఆమె అన్న మాటకి అర్థమేంటో నేను చెప్పేశాను, మా భాషలోనే.

"నీకప్పుడే తెలుసా, ల్వాన్?"

"తెలుసక్కా."

గురువారం వ్యాను వచ్చింది. నేను సంచి అందుకోబోతే అక్క నా చెయ్యి తోసేసి, కట్టు కట్టిన చేత్తోనే ఎత్తుకుంది.