జానెడు పక్కకి

ఎనిమిదేళ్లుగా ఒక జానెడు దూరాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఇంట్లోవాళ్లతో చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

నాది కోర్ కటింగ్ పని. శ్లాబు వేశాక పైపులు దిగడానికి కాంక్రీటులో గుండ్రటి కన్నాలు కోస్తాం. విజయనగరంలో ఈ మిషను పట్టిన తొలివాళ్లలో నేనొకణ్ణి. మా చెల్లి మొగుడు సింహాచలం పని లేక తిరుగుతుంటే నేనే పిలిచి నేర్పాను. నేర్పింది నేనే. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో.

ఏకై వచ్చి మేకయ్యాడు. నేను కోస్తే బిట్టు బయటపడే చోట శ్లాబు అడుగున పెచ్చు ఊడేది. సిమెంటు పూసి కప్పేవాణ్ణి. అతను చివరి అంగుళంలో చెయ్యి తేలిక చేసి, చప్పుడు వింటూ దింపేవాడు. కింద నుంచి చూస్తే కన్నం అంచు గాజుగ్లాసు మూతిలా ఉండేది. ఏడాది తిరక్కుండా మేస్త్రీలు నాకే ఫోన్ చేసి, "సింహాచలం ఖాళీయేనేటి?" అని అడగడం మొదలెట్టారు. నా ఫోన్‌కి! మా ఆవిడ కూడా ఓసారి, "అన్నయ్య సెయ్యి మంచిదంట గదా" అంది. ఆ పూట అన్నం సహించలేదు. పైకి నవ్వేవాణ్ణి, లోపల కుతకుతా ఉడికిపోయేవాణ్ణి.

ఆ రోజు ఓ మూడంతస్తుల ఇంట్లో బాత్రూము కన్నం. పక్కనే శ్లాబు కింద బీము, పైనుంచి కనబడదు. దానికి తగలకుండా సింహాచలం కింద ఓసారి, పైన ఓసారి కొలిచి సుద్దతో గుర్తు పెట్టాడు. బకెట్టు పట్టుకుని నీళ్లకి దిగాడు. నేను వంగి ఆ గుర్తుని తడిగుడ్డతో తుడిచేసి, జానెడు పక్కన, బీము మీదికి, అచ్చం అతను గీసినట్టే గీశాను. ఆలోచించకుండా చేశానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. అతను మెట్లెక్కే చప్పుడు వింటూ, తుడిచిన చోట తడి ఆరిందా లేదా అని చూసుకున్నవాడు ఆలోచించనివాడెలా అవుతాడు?

పైకొచ్చాక, "ఓసారి మళ్ళీ కొలుసుకో" అన్నాను. ఎందుకన్నాను? అతణ్ణి కాపాడదామనా, రేపు నేను చెప్పానని తప్పించుకుందామనా?

"నువ్విక్కడే ఉన్నావు గదా బావా, మళ్ళీ కొలవడం దేనికి?" అన్నాడు.

రెండంగుళాలు దిగేసరికి చప్పుడు మారింది. చటుక్కున ఆపేశాడు. ఊడొచ్చిన కాంక్రీటు బిళ్లలో లావుపాటి చువ్వ తెగి మెరుస్తోంది.

ఇంజనీరు బీముకి మరమ్మతు చేయించాడు. ఇల్లు నిక్షేపంగా ఉంది. సింహాచలానికి మాత్రం 'బీము కోసినోడు' అని పేరు పడిపోయింది. ఫోన్లు మళ్లీ నా కోసమే రాసాగాయి. ఆ నెలంతా నేనెంత హాయిగా నిద్రపోయానో చెబితే మీకు అసహ్యం వేస్తుంది.

అతను నన్ను ఒక్కసారి కూడా అనుమానించలేదు. తన చెయ్యే తప్పిందనుకున్నాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

పోయిన నెల వాళ్లింట్లో గోడకి అలమర బిగించాలని కబురు పెట్టాడు. నేను వెళ్లేసరికి గోడ మీద పెన్సిలు గీతలు, చెరిపిన మరకలు. మూడుసార్లు కొలిచాడట.

"నా కొలత మీద నాకే నమ్మకం నేదు బావా. నువ్వు గియ్యి," అని పెన్సిలు నా చేతిలో పెట్టాడు.

గీశాను. కన్నం వేస్తే పెచ్చు ఊడింది. అతను రాలిన దుమ్ము అరచేత్తో ఊడ్చాడు. నిజం నోటిదాకా వచ్చింది. ఇంతలో చెల్లి టీ తెచ్చింది. తాగి వచ్చేశాను.

ఆ గాజుగ్లాసు అంచు నాకింకా రాలేదు. దాని మీద కుళ్లు ఇంకా పోలేదు, అదీ దాచను. ఇది రాస్తుంటే మాత్రం ఛాతీ మీద బరువు కాస్త జరిగింది.

సింహాచలం కొలత సరిగ్గానే ఉంది. గుర్తు జరిపింది నేను.